ఎనిమిది అడుగుల దిమ్మ, రెండు అడుగుల దిమ్మ: సరుగుడు బాదుల తలలు ఎందుకు చీలాయి

మొదటి రోజు సాయంత్రానికి తొమ్మిది బాదులు, అంటే సరుగుడు కొయ్య స్తంభాలు, నేలలోకి దించాం. ఏడింటి తలలు చీపురుకట్టల్లా విచ్చుకున్నాయి. ఒక్కటి కూడా అనుకున్న లోతుకి వెళ్లలేదు. దించే పద్ధతి కాగితం మీద లెక్కేసి రాసిచ్చింది నేనే కాబట్టి, తప్పు ఎవరిదన్న పంచాయితీ అక్కర్లేకపోయింది.

పని చిన్నదే. కోనసీమ దిగువన, సముద్రానికి దగ్గర్లో, ఒక చేపల చెరువుకీ పక్కనున్న మురుగు కాలువకీ మధ్య గట్టు. వానాకాలంలో కాలువ నిండా పారి గట్టు పాదాన్ని కోసేసింది. 24 మీటర్ల మేర మట్టి జారి కాలువలో కూర్చుంది. పాదం పొడుగునా 40 సెంటీమీటర్లకొకటి చొప్పున సరుగుడు బాదులు పాతి, వాటి వెనక తడికలు కట్టి, మట్టి నింపాలి. ఇది మా వైపు ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపి కాలువలు కట్టేసిన వేసవి వారాల్లోనే ఇలాంటి పనులు చేసుకోవాలి. మళ్లీ నీళ్లు వదిలేలోగా అరవై బాదులు దిగాలి. టెన్షన్ అంతా అక్కడే.

బాదు పొడవు 4 మీటర్లు, లావు సుమారు 15 సెంటీమీటర్లు, పచ్చి మీద బరువు 70 కిలోల దాకా ఉంటుంది. 2.8 మీటర్లు నేలలోకి దిగాలని డ్రాయింగ్. నేల అంతా బంకమన్ను. పైన మెత్తగా వెన్నలా ఉండి, రెండు మీటర్లు దాటాక పట్టు చూపిస్తుంది.

బాదు తల మీద ఎత్తి వదిలే బరువే దిమ్మ. దాని విషయంలో నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 50 కిలోల ఇనప దిమ్మ. మేస్త్రీ గారి దగ్గర ఉన్నదే. కప్పీ మీద మోకు వేసి ముగ్గురు లాగితే ఎనిమిది అడుగులు, అంటే 2.4 మీటర్లు లేస్తుంది. రెండోది, 200 కిలోల దిమ్మ ఎక్కడినుంచైనా సంపాదించి, బరువులెత్తే వించితో రెండు అడుగులు, అంటే 0.6 మీటర్లు ఎత్తి వదలడం. నా కాగితం మీద దెబ్బకి ఖర్చయ్యే శక్తి, జౌళ్ల లెక్కన, రెంటికీ ఒకటే:

50 × 9.8 × 2.4 = 1176 జౌళ్లు.
200 × 9.8 × 0.6 = 1176 జౌళ్లు.

దెబ్బకి దెబ్బ సమానమైనప్పుడు వించి అద్దె, దాన్ని గట్టు మీదకి చేర్చే తంటా ఎందుకనుకున్నాను. చిన్న దిమ్మే రాసిచ్చాను. ఈ లెక్క నా సొంత తెలివేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో వెల్లింగ్టన్ అనే ఇంజనీరు, కొయ్య స్తంభాల్నీ వదిలేసే దిమ్మనీ దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన సూత్రంలోనూ దిమ్మ బరువును ఎత్తుతో గుణించడమే ఉంటుంది. బాదు బరువు అందులో ఎక్కడా కనిపించదు. కాలేజీలో అది ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇరవై ఏళ్లు సైట్ల మీద తిరిగినా వదల్లేదు.

మొదటి బాదు 1.2 మీటర్ల దాకా సులువుగా దిగింది. అక్కడినుంచి దెబ్బకి నాలుగైదు సెంటీమీటర్లు. రెండు మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లు. ఆ దశలోనే తల చీలడం మొదలైంది. తల చీలాక దెబ్బకి అర సెంటీమీటరు కూడా రాలేదు. విచ్చుకున్న పీచు స్పాంజిలాగా పనిచేసి దెబ్బనంతా తనే మింగేస్తోంది. రోకలికి వేసినట్టు తలకి పొన్ను వేయించాం. పొన్ను నిలిచింది గానీ దాని లోపల కొయ్య నలిగిపోయింది. మధ్యాహ్నం మేస్త్రీ గారు తడిపిన కొబ్బరి పీచు మెత్తలా చుట్టి తల మీద పెట్టించారు. ఈసారి తల చీలలేదు, కానీ బాదు కూడా దిగలేదు. దెబ్బకి సెంటీమీటరు.

సాయంత్రం గట్టు మీద టీ తాగుతుంటే ఆయనే అన్నారు: "దిమ్మ తేలికండి బాబూ. ఎంత ఎత్తునుంచేసినా తల మీద చరిచినట్టుంది గానీ, కిందకి తోసినట్టు లేదండి."

చరచడం, తోయడం. నా కాగితంలో ఈ తేడా లేదు. రాత్రి ఇంటికెళ్లి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం తీశాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

దిమ్మ బాదు తలని తాకి, ఎగరకుండా దానితో పాటే కిందకి కదులుతుందనుకుందాం. ఆ తాకిడిలో గతిజశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, నిలవదు. కొంత వేడిగా, చప్పుడుగా, కొయ్య నలగడంగా పోతుంది. నిలిచేది ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. తాకిడి జరిగే ఆ కొద్ది మిల్లీసెకన్లలో నేల ప్రతిఘటన దాన్ని పెద్దగా మార్చలేదు. కాబట్టి తాకిన మరుక్షణం దిమ్మ, బాదు కలిసి ఎంత వేగంతో కదులుతాయో చెప్పాల్సింది ద్రవ్యవేగమే.

చిన్న దిమ్మ 2.4 మీటర్లు పడేసరికి దాని వేగం సెకనుకి 6.86 మీటర్లు. ద్రవ్యవేగం 50 × 6.86 = 343. ఇప్పుడు ఇదే 343ని దిమ్మా బాదూ కలిపి 120 కిలోలు పంచుకోవాలి. వేగం 2.86కి పడిపోతుంది. ఆ వేగంతో 120 కిలోలకి ఉండే గతిజశక్తి 490 జౌళ్లు. పైనుంచి తెచ్చింది 1176. అంటే వందలో 58 వంతులు తల దగ్గరే ఖర్చయిపోయింది. తలలు చీలక ఏం చేస్తాయి?

పెద్ద దిమ్మ 0.6 మీటర్లే పడుతుంది కాబట్టి వేగం సగం, 3.43. ద్రవ్యవేగం మాత్రం 200 × 3.43 = 686, రెట్టింపు. పంచుకునేది 270 కిలోలు. కలిసి కదిలే వేగం 2.54, మిగిలే శక్తి 871 జౌళ్లు. తల దగ్గర పోయేది వందలో 26 మాత్రమే.

ఎత్తేటప్పుడు రెంటికీ ఒకే శక్తి పెట్టాం. కింద నేలకి చేరేది మాత్రం ఒకదాంట్లో 490, ఇంకోదాంట్లో 871.

ఈ మూడింటి బంధుత్వాన్ని ఒక్క వరుసలో రాయొచ్చు: గతిజశక్తి = ద్రవ్యవేగం × ద్రవ్యవేగం ÷ (2 × ద్రవ్యరాశి). శక్తి మారకుండా ద్రవ్యరాశిని నాలుగు రెట్లు చేస్తే ద్రవ్యవేగం రెట్టింపవుతుంది. మన దిమ్మల్లో జరిగింది సరిగ్గా అదే. మా వాళ్లకి దీన్ని నరసాపురం, సఖినేటిపల్లి రేవు మీద చెప్పాను. 30 టన్నుల పంటు (రేవు దాటించే పడవ) సెకనుకి 20 సెంటీమీటర్ల వేగంతో ఒడ్డుకి చేరుతుంటే దాని ద్రవ్యవేగం 6000, శక్తి 600 జౌళ్లే. ఇద్దరెక్కిన మోటార్ సైకిల్, అంతా కలిపి 250 కిలోలనుకుంటే, అదే 6000 ద్రవ్యవేగం రావడానికి గంటకి 86 కిలోమీటర్లు దూసుకెళ్లాలి. అప్పుడు దాని శక్తి 72,000 జౌళ్లు. ద్రవ్యవేగం ఒకటే, శక్తి 120 రెట్లు. పంటు మెల్లగా వచ్చి రేవుకి తగిలితే చప్పుడు కూడా ఉండదు, కానీ కాలు అడ్డం పెట్టి ఆపుదామనుకునే కుర్రాడికి తెలుస్తుంది.

నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి వేరే ఉంది. పెద్ద దిమ్మ బాదుకి ఎక్కువ ద్రవ్యవేగం ఇస్తుందనుకున్నాను. లెక్క తిప్పితే అలా లేదు. చిన్న దిమ్మ దెబ్బకి బాదు అందుకునేది 70 × 2.86, అంటే 200. పెద్ద దిమ్మ దెబ్బకి 70 × 2.54, అంటే 178. కాస్త తక్కువే! తేడా అంతా దిమ్మ తన దగ్గర ఉంచుకున్నదాంట్లో ఉంది. చిన్న దిమ్మ తన 343లో సగానికి పైగా ఒక్కసారిగా వదిలేసుకుంటుంది. పెద్ద దిమ్మ దగ్గర ఇంకా 508 మిగిలే ఉంటుంది. అది బాదు నెత్తిన కూర్చుని, నేలలోకి దిగినంతసేపూ నెడుతూనే పోతుంది. మేస్త్రీ గారు "తోయడం" అన్నది దీన్నే. పైగా తాకే వేగం సగమైంది. తాకిన క్షణంలో కొయ్యలో పుట్టే ఒత్తిడి దిమ్మ వేగాన్ని బట్టే పెరుగుతుంది కాబట్టి తలకి కూడా ప్రాణం కుదుటపడింది.

కొబ్బరి పీచు మెత్త సంగతీ ఇక్కడే తేలుతుంది. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే ద్రవ్యవేగంలో మార్పు వస్తుంది. అదే బలాన్ని అది నడిపించిన దూరంతో గుణిస్తే శక్తిలో మార్పు వస్తుంది. పీచు మెత్త తాకిడి కాలాన్ని సాగదీసింది, అందుకని తల మీద బలం తగ్గింది, తల బతికింది. కానీ ఆ మెత్త నలగడానికి పట్టిన శక్తి కూడా మన 1176 లోంచే పోయింది. రోగం తలలో లేనప్పుడు తలకి కట్టు కడితే ఏం లాభం?

ఈ తగవు నాకూ మేస్త్రీ గారికీ మధ్యే కొత్తగా పుట్టింది కాదు. మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో పెద్ద పెద్ద వాళ్లే దీని మీద వాదులాడుకున్నారు. కదిలే వస్తువు "బలం" అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధమని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ పక్షం. కాదు, వేగాన్ని వేగంతోనే గుణించి ద్రవ్యరాశితో హెచ్చించాలని 1686లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్. హాలండ్‌లో గ్రావెసాండె అనే ఆయన 1720ల మొదట్లో ఇత్తడి గుళ్లని రకరకాల ఎత్తుల నుంచి మెత్తని బంకమట్టి మీద వదిలి, పడిన గుంటలు కొలిచాడు. ఒకే సైజు గుళ్లలో మూడు రెట్ల బరువున్నది మూడో వంతు ఎత్తునుంచి పడితే గుంట సమానంగా పడింది. అంటే లైబ్నిజ్ చెప్పిందే మట్టి ఒప్పుకుంది. ఫ్రాన్సులో ఎమిలీ ద్యు షాత్లే 1740లో అచ్చయిన తన పుస్తకంలో లైబ్నిజ్ పక్షాన వాదించింది. గతిజశక్తి సూత్రంలో మనం ఇప్పుడు రాసే "సగం" గుణకం స్థిరపడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త కోరియోలిస్ దాకా, అంటే 1829 దాకా ఆగాల్సి వచ్చింది.

గ్రావెసాండె బంకమట్టి, మా బంకమట్టి ఒకటే మాట చెబుతాయి: దిగిన లోతుకి లెక్క శక్తితోనే. అందుకే నా 1176 తప్పుడు అంకె కాదు. అయితే ఆయన గుండు నేరుగా మట్టిని తాకింది. మా దిమ్మకీ మట్టికీ మధ్య 70 కిలోల బాదు నిలబడి ఉంది. మధ్యలో మనిషి ఉన్న బేరంలో అమ్మినవాడి ధర, కొన్నవాడి ధర ఒకటిగా ఉండవు కదా. ఆ మధ్యమనిషి ఎంత తీసుకుంటాడో ద్రవ్యవేగం తేలుస్తుంది. దిమ్మ ద్రవ్యరాశిని దిమ్మా బాదూ కలిపిన ద్రవ్యరాశితో భాగిస్తే నేలకి చేరే వాటా వస్తుంది. చిన్న దిమ్మకి 50/120, పెద్ద దిమ్మకి 200/270. తర్వాతి తరం పైలింగ్ (స్తంభాలు దించే పని) సూత్రాల్లో, ఉదాహరణకి హైలీ సూత్రంలో, ఈ వాటాని లెక్కలోకి తీసుకుంటారు. నేను దాన్నీ చదివాను. బల్ల మీద గుర్తుంది, గట్టు మీద గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లాం. రైసు మిల్లులోంచి తీసేసిన షాఫ్టు ముక్కలున్నాయి. నాలుగు ముక్కలు కలిపి వెల్డింగ్ చేయించి, పైన కొక్కెం పెట్టించాం. కాటా వేస్తే 198 కిలోలు. వించి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కప్పీ వేలాడదీసిన నిన్నటి ఇరవై రెండు అడుగుల మూడుకాళ్ల స్టాండుకి కాళ్ల కింద తాటి పట్టెలు వేశాం, లేకపోతే కొత్త బరువుకి గట్టులోకి కూరుకుపోయేది.

దించే ముందు కాగితం మీద ఒక అంచనా రాసి జేబులో పెట్టుకున్నాను. చిన్న దిమ్మ రెండు మీటర్ల లోతులో దెబ్బకి 2 సెంటీమీటర్లు దింపింది కాబట్టి, 490 జౌళ్లకి దిగేటప్పుడు బరువు చేసే కాస్త పనిని కూడా కలిపి ఆ దూరంతో భాగిస్తే నేల ప్రతిఘటన సుమారు 2.6 టన్నుల బరువంత వస్తుంది. అదే ప్రతిఘటన మీద పెద్ద దిమ్మ 3.8 సెంటీమీటర్లు దింపాలి. తల చీలని బాదు మీద, అదే లోతులో, టేపు పెట్టి పది దెబ్బల సగటు తీస్తే 3.3 వచ్చింది. దిమ్మ కొంచెం ఎగిరిపడటం, కప్పీ దగ్గర మోకు రాపిడి, ఇవన్నీ చూసుకుంటే నాకు ఆ అంకె చాలు. ఆ బాదు 2.8 మీటర్లు దిగింది. తల మీద గంటు తప్ప చీలిక లేదు.

మరి 500 కిలోల దిమ్మ అయితే ఇంకా బాగుంటుంది కదా అని చెరువు ఆసామి అడిగారు. లెక్కకి నిజమే. నేలకి చేరే వాటా వందలో 74 నుంచి 88కి పెరుగుతుంది. కానీ 50 నుంచి 200కి వెళ్లినప్పుడు 42 నుంచి 74కి ఎగబాకాం, ఇప్పుడు అంతకన్నా ఎక్కువ ఇనుము మోసి పధ్నాలుగు గెలుస్తాం. జారిన గట్టు మీద అర టన్ను వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. దిమ్మ బాదు బరువుకి తక్కువ కాకూడదు, రెండు మూడు రెట్లుంటే హాయి, అంతకు మించి వద్దు. ఇది నా అభిప్రాయం.

ఆసామి గారి అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. సెలవులకి ఇంట్లో ఉంది. నేను సిమెంటు సంచి మీద రాసిన లెక్క చూసి, "అంకుల్, ఇందులో ద్రవ్యరాశి సున్నా పెడితే ఏమవుతుంది? వెలుతురుకి ద్రవ్యరాశి లేదు, ద్రవ్యవేగం ఉంటుందంటారు కదా" అంది. దిమ్మలతో బతికే వాడిని అడగాల్సిన ప్రశ్న కాదు గానీ, జవాబు మా పనికి దగ్గర్లోనే ఉంది. పైన రాసిన సూత్రం కాంతి వేగం కన్నా బాగా తక్కువ వేగాలకే చెల్లుతుంది. ఐన్‌స్టీన్ తర్వాతి పూర్తి లెక్కలో శక్తి వర్గం రెండు ముక్కల మొత్తం: ద్రవ్యవేగాన్ని కాంతి వేగంతో గుణించి వర్గం చేసిందొకటి, ద్రవ్యరాశిని కాంతి వేగ వర్గంతో గుణించి వర్గం చేసింది ఇంకొకటి. ద్రవ్యరాశి సున్నా అయితే రెండోది పోతుంది. మిగిలేది, శక్తి అంటే ద్రవ్యవేగం ఇంటూ కాంతి వేగం.

దిమ్మకి శక్తిని ద్రవ్యవేగంతో భాగిస్తే వేగంలో సగం వస్తుంది. చిన్న దిమ్మకి 3.43, పెద్ద దిమ్మకి 1.7. వెలుతురుకి అదే భాగహారం చేస్తే సెకనుకి 30 కోట్ల మీటర్లు! అంటే వెలుతురు మా 50 కిలోల దిమ్మకి పెద్దన్న. శక్తి బోలెడు, తోపు దాదాపు శూన్యం. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లనుకుంటే, ఎకరం చెరువు మీద 40 లక్షల వాట్లు పడుతున్నట్టు. నీళ్లు కాగి చేపలు అడుక్కి పోయేంత శక్తి అది. ఆ ఎండంతా నీళ్లలోనే ఇంకిపోయినా చెరువు మీద పడే తోపు మాత్రం గ్రామున్నర బరువుకి మించదు, యాభై అరవై వడ్ల గింజలంత. రష్యాలో లెబెదెవ్ 1901 నాటికే ఈ తోపుని కొలిచి చూపించాడు. అమ్మాయి లెక్క మళ్లీ తనే చేసుకుని, గింజల సంఖ్య దగ్గర నాతో కాసేపు వాదించింది.

మళ్లీ బాదుల దగ్గరికి. పెద్ద దిమ్మతో మూడో రోజుకి వేగం అందుకున్నాం. నాలుగో రోజు పొద్దున్న ఒక చిక్కు వచ్చింది. ముందు రోజు చీకటి పడి 2.5 మీటర్ల దగ్గర వదిలేసిన బాదు మీద మళ్లీ దిమ్మ వేస్తే మొదటి దెబ్బకి సెంటీమీటరు కూడా కదల్లేదు. అదే దిమ్మ, అదే ఎత్తు. కుర్రాళ్లు రాయి అడ్డొచ్చిందన్నారు. రాయి కాదు. దెబ్బలకి చుట్టూ ఉన్న బంకమన్ను కలతపడి, లోపలి నీటి ఒత్తిడి పెరిగి మెత్తబడుతుంది. రాత్రంతా వదిలేస్తే ఆ ఒత్తిడి దిగి మట్టి బాదుని పట్టేస్తుంది. మనకి చివరికి కావలసింది ఆ పట్టే. కాబట్టి బంకమన్నులో దించేటప్పటి దెబ్బల లెక్కతో బాదు ఎంత మోస్తుందో తేల్చేయకూడదు. సగంలో ఉన్న బాదుని మాత్రం రాత్రికి వదలకూడదు. ఆ బాదుని మిగతా 30 సెంటీమీటర్లూ దింపడానికి అరపూట పట్టింది.

మొదటి రోజు చీలిన ఏడింటిలో నాలుగింటి తలలు కోసి మళ్లీ దించాం. మూడు పనికిరాలేదు. వాటి ఖరీదు నా ఫీజులోంచి తగ్గించుకోమన్నాను. ఆసామి గారు మొహమాటపడ్డారు గానీ తగ్గించుకున్నారు.

ఇక ఎత్తు గొడవ. వించి దగ్గర నేను లేనప్పుడు కుర్రాళ్లు దిమ్మని నాలుగు అడుగులు లేపేస్తున్నారు. త్వరగా అయిపోతుందని వాళ్ల ఆశ. నాలుగు అడుగుల నుంచి పడితే శక్తి రెట్టింపు, తాకే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లు. తల నలగడం మళ్లీ మొదలు. మేస్త్రీ గారు మోకుకి రెండు అడుగుల గుర్తు దగ్గర ఎర్రగుడ్డ కట్టి, అది కప్పీ దాటితే ఆ పూట కూలి లేదన్నారు. ఆరో రోజు పొద్దున్న నేను వెళ్లేసరికి ఎర్రగుడ్డ రెండు అడుగులు కిందకి జరిగి ఉంది.